పద్నాలుగో నంబరు రేకు

క్యాంపు, ఆరో నంబరు గది
జూన్ 12

అక్కా,

నిన్న ఫోన్‌లో సరిగ్గా మాట్లాడలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. ఇక్కడ గేటు లోపల ఎవరి ఫోనూ ఉండనివ్వరు. సాయంత్రం ఆఫీసు గదిలో ఐదు నిమిషాలు ఇస్తారు, అదీ తొందరాయన బల్ల ముందు నిలబడి మాట్లాడాలి. తొందరాయన అంటే మా కాంట్రాక్టరు. ఏ పని చెప్పినా నిన్నటికే అయిపోవాలంటాడని మేం పెట్టుకున్న పేరు. కళ్ళు కాగితాల మీద, చెవులు మన మాటల మీద పెట్టుకుని కూర్చుంటాడు. అందుకే ఈ ఉత్తరం.

బావ రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయని విన్నప్పటి నుంచి నాకు పని మీద మనసు నిలవడం లేదు. ముద్దలు నువ్వే కలిపి పెడుతున్నావు కాబట్టి, ఇదే అదను, కొసరి కొసరి అడిగి తినమను.

స్టీమ్ లైను పగిలితే మనిషి మిగలడం మామూలు విషయం కాదు. ప్రాణం దక్కింది, అంతే చాలనుకో. బావ వేసిన వెల్డింగే ఊడిందని కంపెనీ వాళ్ళు అంటున్నట్టు ఇక్కడ కూడా చెప్పుకుంటున్నారు. ఎదురు చెప్పకండి. ఉద్యోగంలో ఉంచుకుంటే చాలు, మాట పడితే ఒంటికి బొబ్బలెక్కవు కదా. సెలవు అడిగాను, ఇవ్వలేదు.

ఇంకో చిన్న సంగతి. అక్టోబరులో అక్కడ పనికి వచ్చినప్పుడు నీ తాళాలకి ఒక ఇనప రేకు ముక్క తగిలించి ఇచ్చాను, గుర్తుందా? అది తీసెయ్. యాసిడ్ పనిలో వాడేది, చేతికి తగలడం మంచిది కాదు. ఇత్తడి చేప ఉన్న గొలుసు ఒకటి కొన్నాను, రేపు పోస్టులో వేస్తాను. చాలా బాగుంటుంది. రేకు మాత్రం ఎవరికీ ఇవ్వకు, చెత్తలో వేసెయ్. వేశాక ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


ఇంటి నుంచి
జూన్ 20

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. తర్వాత నా కోసం ఇంకోసారి చదువుకున్నాను. ఆయన చేతుల గురించి రెండు వాక్యాలు రాశావు. నా తాళాల గురించి ఎనిమిది. లెక్కపెట్టాను.

చేతుల సంగతి నేను చెప్తాను. కుడిచేతి చర్మం తొడ మీది నుంచి తీసి అతికించారు. ఎడమచేతి వేళ్ళు మూడు వంగుతున్నాయి, రెండు వంగడం లేదు. కట్టు విప్పేటప్పుడు నర్సమ్మతో జోకులేస్తాడు, ఆమె వెళ్ళిపోయాక గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఇరవై రెండేళ్ళు వెల్డింగ్ టార్చి పట్టిన చేతులవి.

ఇక మాట పడడం గురించి. కంపెనీ నుంచి కాగితం వచ్చింది, "వెల్డర్ నాసిరకపు పని వలన" అని. అది చదివినప్పుడు ఆయన ముఖం నువ్వు చూడలేదు. ఆయన ప్రతి జాయింటు పక్కనా తన గుర్తు సుత్తితో గుద్దుతాడని నీకు తెలుసు. తప్పు జరిగితే ఇది ఎవరిదని వెతుక్కోనక్కర్లేదు, నాదే అని చెప్పడానికి గుద్దే గుర్తు అది. పైన సంతకాలు పెట్టేవాళ్ళలో ఒక్కడైనా తన పేరు ఇనుము మీద గుద్దడానికి ఒప్పుకుంటాడా? పైపు పగిలితే దాని కింద నిలబడ్డవాడిదే తప్పు. మెట్టు విరిగితే ఎక్కినవాడిదే తప్పు. ఒక్కసారైనా విచారణ మెట్లెక్కి పై అంతస్తుకి పోయిందని విన్నావా? ఎప్పుడూ కిందకే జారుతుంది, నీళ్ళలాగా. నువ్వేమో ఎదురు చెప్పొద్దని నాకు నీతులు చెప్తున్నావు.

ఆ లైను లోపల యాసిడ్‌తో కడిగింది అక్టోబరులో మీ జట్టే కదా. మీ బావ జాయింటు వేశాకే మీరు కడిగారు. అప్పుడు పైపు ఎలా ఉంది? ఏం చేశారు? వరసగా రాయి. ఫోన్‌లో వద్దు, కాగితం మీదే రాయి.

నా తాళాలు బాగానే ఉన్నాయి. నేను కాలేజీ ల్యాబులో అటెండర్‌ని, పదహారేళ్ళుగా యాసిడ్ సీసాలు కడుగుతున్నాను. ఎనిమిది నెలలు నా కొంగున ఉన్న రేకు ఇప్పుడు కొత్తగా నన్నేం చేస్తుందో అర్థం కాలేదు.

అక్క


క్యాంపు, ఆరో నంబరు గది
జూలై 1

అక్కా,

వరసగా రాయమన్నావు, రాస్తున్నాను. ఇది నువ్వు అడిగావా, యూనియన్ వాళ్ళెవరైనా నీ పక్కన కూర్చుని అడిగించారా, అది మాత్రం నాకు తెలియాలి. నీ ఉత్తరం అక్కలా మొదలై కరపత్రంలా ముగిసింది.

పైపు లోపల తుప్పు, పెచ్చులు పేరుకుంటాయి. ముందు సోడా నీళ్ళు తిప్పి జిడ్డు తీస్తాం. తర్వాత వేడి చేసిన యాసిడ్ తిప్పుతాం. అది తుప్పుని తినాలి, ఇనుముని తినకూడదు. అందుకని యాసిడ్‌లో ఒక మందు కలుపుతాం. తుప్పు పోగానే యాసిడ్ మొత్తం ఖాళీ చేసి, కడిగి, చివర్లో ఇంకో ద్రావణం తిప్పితే లోపల బూడిదరంగు పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం మళ్ళీ తుప్పు పట్టదు. అక్టోబరులోనూ అంతే చేశాం. ఆరు గంటలు యాసిడ్, వెంటనే ఖాళీ, వెంటనే పొర. రిపోర్టు ఉంది, దాని మీద కంపెనీ ఇంజనీరు సంతకం ఉంది, నాది కూడా ఉంది.

ఇనుముని యాసిడ్ తిందో లేదో చూడడానికి అదే ఇనుముతో చేసిన రేకు ముక్కని తూచి, లైనులో వేలాడదీసి, తీశాక మళ్ళీ తూస్తాం. దాన్ని కూపన్ అంటాం. ఒక్కో లైనుకి రెండు తయారు చేసుకుంటాం, ఒకటి లైనులోకి, ఒకటి పొడిగా కాగితంలో చుట్టి పక్కకి. పని అయ్యాక ఆ మిగిలిన దాన్ని మా వాళ్ళు తాళాలకి తగిలించుకుంటారు. మా జట్టులో ఎవడి జేబు తడిమినా ఒకటి గలగలమంటుంది. నీకిచ్చింది అలాంటిదే. పెద్ద విషయం కాదు.

ఇత్తడి చేప అందిందా?

వచ్చేవారం తొందరాయన మీ వైపు వస్తున్నాడు, బావని చూస్తానన్నాడు. మర్యాదగా మాట్లాడు. ఆయన రేకుల గురించి అడిగితే మా ఇంట్లో అలాంటివేం లేవని చెప్పు. అడగడులే. అడిగితే.

తమ్ముడు


ఇంటి నుంచి
జూలై 15

తమ్ముడూ,

అడిగాడు.

పళ్ళ సంచితో వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ముందు గదంతా చూశాడు. మీ బావ మంచం, మందుల సీసాలు, కిటికీ, ఆఖర్న తలుపు పక్క మేకు. మేకుకి తాళాలున్నాయి, తాళాలకి నువ్వు పంపిన ఇత్తడి చేప ఉంది. నీ ఉత్తరం చివరి రెండు ముక్కలూ చదివాక రేకుని ఇంట్లో ఉంచేంత అమాయకురాలిని కాను. అది నా ల్యాబు బీరువాలో, ఖాళీ సీసాలో భద్రంగా ఉంది.

"చేప బాగుందమ్మా, ఇంతకుముందు ఏముండేది దీనికి?" అన్నాడు.

"బొమ్మ ఉండేదండి, విరిగిపోయింది," అన్నాను. ఎందుకలా అన్నానో ఆలోచించు. నిన్ను కాపాడడానికి అన్నాను. ఎవరి నుంచో, ఎందుకో తెలియకుండానే అన్నాను. అలాంటి స్థితిలో నన్ను నిలబెట్టావు.

తర్వాత అసలు పని బయటికి తీశాడు. జాయింటు వేసేటప్పుడు పొరపాటు జరిగిందని మీ బావ ఒప్పుకుంటూ రాసిస్తే, కంపెనీ వాళ్ళతో మాట్లాడి గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం ఇప్పిస్తాడట. కాగితం టైపు చేయించుకుని మరీ తెచ్చాడు. మీ బావ చదివి, పెన్ను ఇమ్మన్నాడు. అవును, ఇమ్మన్నాడు. వేళ్ళు పట్టలేదు, పెన్ను రెండుసార్లు దుప్పటి మీద పడింది. తొందరాయన వంగి తీసి మళ్ళీ అందించాడు. మూడోసారి నేను అందుకుని నా జడలో దోపుకున్నాను. చేతులు బాగుపడ్డాక పెడతాడు లెండి అన్నాను. అప్పటికి విచారణ అయిపోతుందమ్మా, తొందరగా అయితే మంచిదన్నాడు. మీరు పెట్టిన పేరు సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు రేకు సంగతి. విచారణ నోటీసుతో పాటు కాగితాల కట్ట పంపారు. అందులో మీ క్లీనింగ్ రిపోర్టు కూడా ఉంది. పనివాడి ఇంట్లో చదివేవాళ్ళు ఉండరని వాళ్ళ ధీమా. నేను చదివాను. కూపన్ నంబరు 14, లైనులో వేలాడదీసినది. ముందు బరువు 11.618 గ్రాములు, తర్వాత బరువు 11.580. కూపన్ నంబరు 13, స్పేర్, లైనులో పెట్టలేదు, ముందు బరువు 11.702. కింద నీ సంతకం, గుండ్రంగా, చిన్నప్పుడు నేను దిద్దించిన అక్షరాలే.

సీసాలోంచి రేకు తీసి చూశాను. గుద్దిన అంకె 14.

మా కెమిస్ట్రీ మేడంని పక్కన కూర్చోబెట్టుకుని గాజుపెట్టె త్రాసులో మూడుసార్లు తూచాను. 11.614. మేడం కాగితం మీద రాసి సంతకం చేసింది.

మీ రిపోర్టు ప్రకారం యాసిడ్‌లో మునిగి 11.580కి చిక్కిపోయిన రేకు, నా తాళాల గుత్తిలో ఎనిమిది నెలలు కూర్చుని ఏం తిని ఒళ్ళు చేసింది? మా ఇంట్లో మనుషులే బక్కచిక్కుతున్నారు.

అది యాసిడ్ ముఖం చూడలేదు. మరి యాసిడ్‌లోకి దిగింది ఏది? దానికి ఏమైంది?

అక్క


క్యాంపు, ఆరో నంబరు గది
జూలై 24

అక్కా,

నీ లెక్క తప్పు. తుప్పు పడితే ఇనుము బరువు పెరుగుతుంది, అది నీకు తెలియదా? కాలేజీ త్రాసులో పిల్లలు రోజూ చేతులు పెడతారు, దాన్ని నమ్ముకుని నా సంతకం అబద్ధమంటావా? పద్నాలుగు నంబరు రేకులు మా దగ్గర ఏడాదికి పది ఉంటాయి. ప్రతి పనికీ ఒకటి నుంచి మొదలుపెడతాం. నీ దగ్గరున్నది ఏ పనిదో నాకే గుర్తులేదు.

అయినా నాకొకటి అర్థమవుతోంది. ఫోన్‌లో వద్దు, కాగితం మీదే రాయి అన్నావు. నేను అమాయకంగా రాశాను. ఒక్కో ఉత్తరం పెట్టెలో దాచుకుంటున్నావు కదూ? నా చేతి రాతతో నన్నే కట్టేయడానికి. మేడం సంతకం కూడా తీసుకున్నావంటే ముందే అనుకుని చేశావు. నా చేత అక్షరాలు దిద్దించింది ఇందుకేనా?

నా జట్టులో ఏడుగురు ఉన్నారు. ఒక రిపోర్టు తప్పని తేలితే తొందరాయనకి ఇంకో పేరు మీద ఇంకో కంపెనీ పుడుతుంది. మాకు ఇంకో పని పుట్టదు. జైలుకి పోయేది కింద సంతకం పెట్టినవాడే. నువ్వు రోజూ చెప్పే మాటే కదా, విచారణ కిందకే జారుతుందని. కింద ఎవరున్నారో చూసుకున్నావా? నీ మొగుడి పక్కన నీ తమ్ముడు ఉన్నాడు.

బావ సంతకం పెడతానంటుంటే నువ్వెందుకు అడ్డం పడుతున్నావు? గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం తక్కువా? కాలిన చేతులతో టార్చి ఎలాగూ పట్టలేడు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆగస్టు 3

తమ్ముడూ,

చింపలేదు.

ముందు నీ వాదన. తుప్పు పడితే బరువు పెరుగుతుంది, నిజమే. కానీ తుప్పు కనపడాలి కదా. రేకు నిగనిగలాడుతోంది. తాళాల రాపిడికి నాలుగు మిల్లీగ్రాములు అరిగింది, అంతే. ఇక పద్నాలుగు నంబర్లు పది ఉంటాయన్నావు. ఉండొచ్చు. ఆ పదింటిలో అక్టోబరులో నువ్వు నా ఇంటికి వచ్చిన వారంలోది, రిపోర్టులోని బరువుతో మిల్లీగ్రాముల్లో సరిపోయేది ఎన్ని ఉంటాయో నువ్వే చెప్పు.

ఉత్తరాలు దాచుకున్నానా? దాచుకున్నాను. మొదటిది చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నీ మీద అనుమానపడుతున్నానని తెలిసి రెండు రోజులు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రెండు రోజులూ నువ్వు వాపసు ఇవ్వలేవు.

ఇప్పుడు అసలు మాట. నీకు రాయొద్దని మీ బావ ఒట్టు వేయించుకున్నాడు, ఒట్టు తప్పుతున్నాను.

ఆసుపత్రిలో రెండో రోజున కంపెనీ మనిషి వచ్చి, కోసి తీసిన పైపు ముక్క ఫోటో చూపించాడు. మీ బావ అప్పటికి సరిగ్గా కళ్ళు కూడా తెరవలేదు. ఫోటో చూసి నాతో మెల్లగా, "జాయింటు చెక్కుచెదరలేదు. దాని పక్కన బెత్తెడు దూరంలో చిరిగింది. లోపల గుంతలు చూడు, యాసిడ్ తిన్న గుంతలవి," అన్నాడు. అని, ఆగిపోయాడు. అక్టోబరులో యాసిడ్ పోసింది ఎవరో గుర్తొచ్చింది. ఆ తర్వాత ఈ రోజు వరకు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఎత్తితే, "నాదని ఒప్పుకుంటే ఒక్కడినే పోతాను, వాడికి ఇంకా చేతులున్నాయి," అన్నాడు.

అందుకే పెన్ను ఇమ్మన్నాడు. కుర్చీ ఉద్యోగం కోసం కాదు, నీ కోసం.

ఇది గొప్ప మనసని నేను అనుకోను. ఆయనతో కూడా గట్టిగానే వాదించాను. పైవాళ్ళకి కావాల్సింది సరిగ్గా ఇదే. కింద ఇద్దరు నిలబడి ఒకరి తప్పు ఒకరు ప్రేమగా నెత్తినెత్తుకుంటే పైన ఎవరికీ చెమట పట్టదు. మనలో మనం చూపించుకునే జాలి వాళ్ళకి ఉచితంగా దొరికే కాపలా. అదే లైను ఇంకో నాలుగు వందల అడుగులు అలాగే ఉంది. దాని కింద రోజూ మూడు షిఫ్టుల మనుషులు నడుస్తున్నారు. ఈసారి చేతులే కాలతాయని రాసిచ్చినవాడు ఎవడు?

విచారణ ఆగస్టు 28, ఉదయం పది గంటలకి, బయట నుంచి వచ్చే తనిఖీ అధికారి ముందు. నీ ఉత్తరాలు ఇవ్వను. నీకు మాటిస్తున్నాను. ఇస్తే ఏడ్చుకుంటూ నేను నిన్ను పట్టిచ్చినట్టవుతుంది, నీకు నోరు లేనట్టవుతుంది. రేకు మాత్రం ఇస్తాను. అది నువ్వు నాకిచ్చింది, నాది.

మిగిలింది నువ్వు చెప్తావో, రేకు చేతే చెప్పిస్తావో నీ ఇష్టం.

అక్క


పోస్టాఫీసు బల్ల మీద నుంచి
ఆగస్టు 14

అక్కా,

ఇది క్యాంపులో రాయడం లేదు. తొందరాయన నా గదికి ఇంకొకణ్ణి పంపాడు, మంచం ఖాళీగా ఉందట. వాడు నా సబ్బుపెట్టె కూడా తెరిచి చూశాడు. అందులో ఉండేది రెండు రోజుల ముందే నా మేజోడులోకి మారింది. ఇప్పుడు ఈ రిజిస్టరు కవరులో నీ దగ్గరికి వస్తోంది.

కూపన్ నంబరు 13. లైనులోకి దిగింది ఇది.

ఆరు గంటల యాసిడ్ అయింది. ఖాళీ చేయాలి. వాడిన యాసిడ్‌ని తీసుకెళ్ళే ట్యాంకరు రాలేదు. రేపు వస్తుందన్నారు. కాలవలోకి వదలలేం, పంపులు ఆపేశాం. యాసిడ్ లైనులోనే నిలబడిపోయింది. మందు ఆరేడు గంటలు కాపలా కాస్తుంది, ఆ తర్వాత దానికీ ఓపిక ఉండదు. రేపన్నది మూడు రోజులైంది. నేను తొందరాయన దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి, "నీ ఇంట్లో పైపా అది?" అన్నాడు. వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు చెప్తున్నాను, అవును, నా ఇంట్లోదే.

మూడో రోజు సాయంత్రం ఖాళీ చేశాం. ప్లాంటు వాళ్ళు లైను వెంటనే కావాలన్నారు, చివరి పొర కట్టకుండానే మూసేశాం. కింది వంపులో వేలాడదీసిన పదమూడుని నేనే బయటికి తీశాను. నువ్వే చూస్తావు.

ఆ మర్నాడు మీ ఇంటికి వచ్చాను. నీ తాళాల ఉంగరం తెగిపోయిందని గొడవ చేస్తున్నావు. జేబులో పద్నాలుగు ఉంది, ఎప్పటిలాగే తగిలించి ఇచ్చాను. ఒట్టు, అప్పటికి రిపోర్టు రాయలేదు. రెండు రోజుల తర్వాత తొందరాయన రిపోర్టు చేయించాడు. రేకుని కవరులో పెట్టి రిపోర్టుకి జతచేయాలి. పదమూడుని చూపించలేం. కాబట్టి లోపల పెట్టింది పద్నాలుగు అని, స్పేర్ పదమూడు అని తిరగేసి రాయమన్నాడు. రాశాను. తర్వాత బరువు ఆయనే చెప్పాడు, నేను రాశాను. పద్నాలుగు ఏదిరా అంటే పోయిందన్నాను, రేకు కవరు లేకుండానే రిపోర్టు పంపాడు. నీ ఇంటికి వచ్చి తాళాలు విప్పమని అడగడానికి సిగ్గేసింది. పదమూడుని పారేయమన్నాడు. పారేశానన్నాను. ఎందుకు దాచానో తెలియదు. ధైర్యం కాదు, ధైర్యమైతే పది నెలలు సబ్బుపెట్టెలో ఉండదు.

పైపు పగిలినప్పుడు అక్కడ బావ ఉన్నాడని తెలిసిన క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది ఆయన చేతులు కాదు, నీ తాళాలు. ఆ సంగతి నువ్వు వాక్యాలు లెక్కపెట్టి కనిపెట్టావు.

బావకి చెప్పు, వాడికి ఇంకా చేతులున్నాయన్నాడట కదా, ఆ చేతులతోనే ఈ ఉత్తరం రాశానని.

ఇది చింపొద్దు. కావాలంటే విచారణలో ఇవ్వు. 28న నేను వస్తాను.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆగస్టు 20

తమ్ముడూ,

కవరు అందింది. విప్పాను. రేకు అంచులు కొరికి వదిలేసినట్టున్నాయి, మధ్యలో అవతలి వెలుగు కనపడే చిల్లులు రెండు. ఇది చూశాక నిన్ను నమ్మాలి కదా.

నమ్మలేదు. ల్యాబుకి తీసుకెళ్ళాను. అంకె కొత్తగా గుద్దిందేమో అని భూతద్దంలో చూశాను. పాతదే, గుద్దిన గాడి అడుగున కూడా యాసిడ్ తిన్నది. మేడం ఎదురుగా తూచాను. 7.936. మీ రిపోర్టు ప్రకారం ఇది పొడిగా కాగితంలో చుట్టి ఉన్న స్పేర్ రేకు, 11.702 గ్రాములు. పొడిగా ఉంచామన్నదాన్ని యాసిడ్ మింగేసింది, యాసిడ్‌లో ముంచామన్నది నా తాళాలతో ఆడుకుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది.

సొంత తమ్ముడు రాసినదాన్ని త్రాసులో పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. ఇది ఇక ఎప్పటికి పోతుందో నాకు తెలియదు. నీకు అబద్ధం చెప్పను.

రాత్రి ముద్దలు పెడుతూ మీ బావ అరచేతిలో పదమూడుని పెట్టాను. వంగే వేళ్ళతో అంచు తడిమాడు. తర్వాత, "నా జాయింటు దీని పక్కనే మూడు రోజులు నిలబడింది. అయినా ఊడలేదు చూశావా," అన్నాడు. ఎంత గర్వమో ఆ ముఖంలో. ఆ తర్వాత నీ గురించి అడిగాడు, వాడు సైటులో సరిగ్గా తింటున్నాడా అని. నాకు ఒళ్ళు మండింది. మండినా రాస్తున్నాను, నీకు తెలియాలని.

నీ ఉత్తరం కూడా ఇవ్వను. ముందు మాటిచ్చాను కాబట్టి కాదు. నువ్వు రాకపోతే అది భయపడి రాసిన కాగితం. నువ్వు వచ్చి నోటితో చెప్తే దానితో పని లేదు. ట్యాంకరు రాలేదని, నాలుగుసార్లు అడిగావని, నీ ఇంట్లో పైపా అన్నాడని, అన్నీ అదే వరసలో చెప్పు. మిగతా లైనుని వెంటనే ఆపమని కూడా నువ్వే అడగాలి.

28న పది గంటలకి. ప్లాంటు గేటు ముందు తొందరాయన కారు ఆపి ఉంచుతాడు, ఎక్కు, కూర్చుని మాట్లాడుకుందాం అంటాడు. మేం రోడ్డుకి ఇవతల నడిచి వస్తాం, మీ బావ నడక నెమ్మది, అరగంట ముందే బయల్దేరతాం.

ఇత్తడి చేప ఈ కవరులో తిప్పి పంపుతున్నాను. తాళాలు ప్రస్తుతం దారానికి కట్టుకున్నాను. విచారణ గదిలో రోడ్డు వైపు కిటికీ ఉందట. నేను దాని పక్కనే కూర్చుంటాను, నువ్వు ఏ వైపు నుంచి వస్తావో చూడడానికి.

అక్క